సెన్సర్ లేకుండా మోటారు వేగం తెలిసేదెలా?

బోరుబావిలో వందల అడుగుల లోతున నీటిలో మునిగి తిరిగే మోటారు ఇరుసుకు వేగాన్ని కొలిచే సెన్సర్ బిగించి, దాని తీగను పైదాకా తేవడం తేలిక కాదు. కర్మాగారాల్లోనూ వేడికి, దుమ్ముకు, అదురుకు ఎన్‌కోడర్లు పాడవుతుంటాయి. అందుకే మోటారు వోల్టేజి, కరెంటుల నుంచే వేగాన్ని లెక్కగట్టే పద్ధతులు వచ్చాయి. వీటిని ‘సెన్సర్‌లెస్’ పద్ధతులంటారు. కరెంటును కొలిచే సెన్సర్లు డ్రైవ్‌లో ఉంటాయి. ఇరుసు మీద మాత్రం ఏమీ ఉండదు.

స్లిప్ అంటే...

50 హెర్ట్జ్‌ల సరఫరాపై నాలుగు ధ్రువాల ఇండక్షన్ మోటారులో అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు తిరుగుతుంది. రోటర్ దానికంటే కాస్త వెనకే ఉంటుంది. రెండూ సమానంగా తిరిగితే రోటర్‌లో కరెంటు పుట్టదు, తిప్పే బలమూ ఉండదు. పూర్తి లోడుపై రోటర్ 1440 చుట్లు తిరిగితే ఆ 60 చుట్ల తేడా, అంటే 4 శాతం, స్లిప్. ఇది లోడును బట్టి మారుతుంది కాబట్టి ఫ్రీక్వెన్సీ ఒక్కటే తెలిస్తే వేగం తెలియదు.

రెండు లెక్కల పోలిక

ఎక్కువగా వాడే పద్ధతుల్లో ఒకటి ‘మోడల్ రిఫరెన్స్ అడాప్టివ్ సిస్టమ్’. ఇందులో రోటర్ అయస్కాంత అభివాహాన్ని రెండు విధాలుగా లెక్కిస్తారు. స్టేటర్ వోల్టేజి, కరెంటులతో చేసే మొదటి లెక్కకు వేగంతో పని లేదు. రెండో లెక్కకు వేగం కావాలి. దానికి ఒక అంచనా విలువ ఇస్తారు. రెండు ఫలితాలు కలిసేదాకా ఆ విలువను సరిదిద్దుతూ పోతే అసలు వేగం తేలుతుంది. 1960లో రుడాల్ఫ్ కాల్మన్ ప్రతిపాదించిన ఫిల్టర్‌ను విస్తరించి కూడా ఇదే పని చేస్తారు.

చిక్కంతా నెమ్మదిలోనే

వేగం తగ్గేకొద్దీ స్టేటర్‌లో ప్రేరితమయ్యే వోల్టేజి చిన్నదవుతుంది. అప్పుడు తీగచుట్ట నిరోధం వల్ల పోయే వోల్టేజిదే పైచేయి. రాగి 20 నుంచి 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే నిరోధం దాదాపు 30 శాతం పెరుగుతుంది. చల్లగా ఉన్నప్పటి విలువనే వాడితే లెక్క తప్పుతుంది. స్టేటర్ ఫ్రీక్వెన్సీ సున్నా దగ్గర నిలిచిపోతే, మామూలు లెక్కలకు వేగం అందనే అందదు. అధిక ఫ్రీక్వెన్సీ సంకేతాన్ని మోటారులోకి పంపి దాని ప్రతిస్పందనను చదవడం ఒక విరుగుడు. అయితే అది మోటారు నిర్మాణాన్ని బట్టే ఫలిస్తుంది.

పంపులు, ఫ్యాన్లు ఇంత నెమ్మదిగా పనిచేయాల్సిన అవసరం అరుదు. వాటికి అంచనా చాలు. బరువును గాలిలో కదలకుండా నిలపాల్సిన క్రేన్లు, లిఫ్టుల్లో పొరపాటు ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే అక్కడ ఇరుసు మీది ఎన్‌కోడర్‌ను ఇప్పటికీ వాడుతున్నారు.