రోడ్డు లేని చోట సరుకు మోసినోళ్ళం: లదేణి ఎడ్ల నుంచి ఎయిర్‌షిప్‌ల దాకా

పోస్టు కొంచెం పెద్దది. ఓపిక చేసుకుని చివరి దాకా చదవండి.

ఈమధ్య మా హాస్టల్లో సరుకు రవాణా గురించి మాటలు నడుస్తుంటే ఎయిర్‌షిప్‌ల సంగతి వచ్చింది. హీలియం గ్యాస్ నింపిన పెద్ద గాలి ఓడలు. రోడ్డు, పట్టాలు, రన్‌వే ఏవీ లేకపోయినా టన్నుల కొద్దీ సరుకు చేరుస్తాయని వాటిని తయారు చేసే కంపెనీలు చెప్తున్నాయి. రేపు రవాణా మొత్తం మారిపోతుందంట. మారనీ, మంచిదే. అయితే రోడ్డు లేకుండా సరుకు చేర్చడం మన దేశంలో కొత్త విద్య కాదు. వందల ఏళ్ళు ఆ పని చేసింది మన తాతముత్తాతలే. ఆ పని చేతుల్లోంచి ఎలా పోయిందో తెలిస్తేనే, రాబోయే దాని ముందు ఎలా నిలబడాలో మనకు తెలుస్తుంది. అందుకే ఈ పోస్టు.

మన అనంతపురం వైపు సుగాలీలు అంటారు, ఇంకో చోట లంబాడీలు, మరో చోట బంజారాలు. పేరు ఏదైనా పాత వృత్తి ఒకటే, లదేణి. అంటే ఎడ్ల మీద గోనెలు వేసుకుని సరుకు మోసే వ్యాపారం. సముద్రం వైపు నుంచి ఉప్పు లోపలికి, లోపలి నుంచి ధాన్యం బయటికి. లంబాడీ అనే మాట ఉప్పు అనే అర్థం ఉన్న 'లవణం' నుంచే వచ్చిందని కొందరు చెప్తారు. 1632లో ఉత్తర భారతంలో ప్రయాణం చేసిన పీటర్ ముండీ అనే ఇంగ్లీషాయన, ధాన్యం మోసుకుపోతున్న 14,000 ఎడ్ల తండాను దారిలో చూశానని రాసుకున్నాడు. ఒక్కో ఎద్దు మీద క్వింటాలే వేసుకున్నా 1,400 టన్నులు. ఇప్పటి పెద్ద లారీలు డెబ్బై, ఎనభై కావాలి.

ఆ ఎడ్లు రోజుకు ఆరేడు మైళ్ళకు మించి నడిచేవి కావని కూడా ఆయనే రాశాడు. నిదానమే, కానీ ఖర్చు తక్కువ. ఎడ్లు దారి పొడుగునా మేస్తూ పోతాయి, రాత్రికి చెరువు గట్టునో వాగు పక్కనో దిగుతారు. భార్యాపిల్లలు, ముసలోళ్ళు అందరూ వెంటే ఉంటారు. ఏ దారిలో ఏ నెలలో గడ్డి ఉంటుంది, ఏ ఊళ్ళో ధాన్యం చౌక, ఏ వాగు ఎప్పుడు దాటొచ్చు, ఇదంతా నాయక్ తలలో ఉండేది. ఇప్పుడు ఎంబీఏలో రూట్ ప్లానింగ్ అని చెప్పేది దీన్నే.

సుగాలీలే కాదు, మన ఎరుకలోళ్ళదీ ఇదే కథ. ఉప్పు ఎరుకల అని ఒక తెగ పేరే ఉంది. గాడిదల మీద, ఎడ్ల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగి, బదులుగా ధాన్యం తీసుకునేవాళ్ళు. అంగడి లేని పల్లెకు ఉప్పు చేరిందంటే వాళ్ళ కాళ్ళ వల్లే.

రాజులకు కూడా మనోళ్ళు లేకుండా గడవలేదు. 1791లో కార్న్‌వాలిస్ టిప్పు సుల్తాన్ మీదికి శ్రీరంగపట్నం దాకా పోయి, తిండి లేక, బండ్లు లాగే ఎడ్లు చచ్చిపోయి, తన పెద్ద ఫిరంగులను తానే పాడు చేసుకుని వెనక్కి తిరిగాడు. మరుసటి ఏడు మళ్ళీ పోయినప్పుడు ఆ సైన్యానికి ధాన్యం అందించింది బ్రింజారీలు. ఇంగ్లీషు పుస్తకాల్లో బంజారాలకు వాళ్ళు రాసిన పేరు అది. యుద్ధం గెలిచినోడి పేరు చరిత్రలో ఉంది. తిండి మోసినోళ్ళకు మాత్రం ఒక్క పేరా దక్కింది.

ఇప్పుడు మన ఊర్ల సంగతికి వద్దాం. 1876-78 కరువు ఈ సీమను ఊడ్చేసింది. మనుషులతో పాటు ఎడ్లూ పోయాయి. లదేణికి ఎద్దే పెట్టుబడి. ఎద్దు పోతే వృత్తి పోయినట్టే. కరువు తర్వాత వేసిన కమిషన్ 1880లో రైలు మార్గాలు పెంచాలని చెప్పింది. 1890ల మొదట్లో గుంతకల్లు నుంచి బెంగళూరు వైపు మీటర్ గేజ్ లైను పడింది. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం స్టేషన్లు అలా వచ్చినవే. పాకాల వైపు నుంచి వచ్చిన లైను కలిసి ధర్మవరం జంక్షన్ అయింది.

లెక్క చూడండి. హిందూపురం నుంచి బెంగళూరు సుమారు 100 కిలోమీటర్లు. లదేణి ఎద్దుకు తొమ్మిది పది రోజుల దారి. రైలుకు కొన్ని గంటలు. ఇంక ఎద్దును ఎవడు పిలుస్తాడు? హిందూపురం బెల్లం, చింతపండు, ధర్మవరం పట్టు రైలెక్కి దూరాలు పోయాయి. రైలు చెడ్డదని మేము అనడం లేదు. మేము కూడా ప్యాసింజర్ ఎక్కే ఇంటికి పోతాం. కానీ రైలు స్టేషన్ దగ్గరే ఆగుతుంది. స్టేషన్ ఉన్న ఊరు టౌన్ అయింది. స్టేషన్లకు దూరంగా, లదేణి దారి మీద ఉన్న పల్లె మూల పల్లె అయిపోయింది. సరుకు మోసినోడికి ఆ రైల్లో ఉద్యోగం మాత్రం ఎవరూ చూపించలేదు.

ఇంకా ఘోరం తర్వాత జరిగింది. ఉప్పు సర్కారు గుత్తాధిపత్యం కింద ఉంది, పన్ను భారం పెరిగింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో మేత భూములకు కంచె పడింది. పని లేక తిరిగే మనిషి సర్కారు కంటికి అనుమానంగా కనబడ్డాడు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. ఎరుకలోళ్ళను ఆ జాబితాలో ఎక్కించారు. కొన్ని చోట్ల లంబాడీలనూ ఎక్కించారు. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టారు. పోలీసుకు చెప్పకుండా ఊరు దాటకూడదు. ఊళ్ళు దాటడమే వృత్తిగా ఉన్నోళ్ళకు ఇది ఎంత పెద్ద శిక్షో ఆలోచించండి. వేల రూపాయల సరుకు నమ్మి అప్పజెప్పింది మనోళ్ళకే, దొంగలని రాసుకున్నదీ మనోళ్ళనే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతా రద్దయింది. ఆ మచ్చ మాత్రం కొన్ని పోలీస్ స్టేషన్లలో, కొందరి నోళ్ళలో ఇంకా పోలేదు.

ఇప్పుడు ఎయిర్‌షిప్ దగ్గరికి పోదాం. ఇదీ నిన్న మొన్న పుట్టింది కాదు. జర్మనీలో జెప్పెలిన్ మొదటిది 1900లో ఎగిరింది. బ్రిటిష్ వాళ్ళు ఇండియాకు ఎయిర్‌షిప్ నడపాలని కరాచీలో పెద్ద షెడ్డు కట్టారు. అక్కడికి బయలుదేరిన ఆర్-101, 1930 అక్టోబర్ 5న ఫ్రాన్సులో కూలి 48 మంది చనిపోయారు. కరాచీ షెడ్డులోకి ఒక్క ఎయిర్‌షిప్ కూడా రాలేదు. 1937లో అమెరికాలో హిండెన్‌బర్గ్ కాలిపోయాక లోకానికి వీటి మీద నమ్మకం పోయింది. మళ్ళీ 1996లో జర్మనీలో కార్గోలిఫ్టర్ అనే కంపెనీ 160 టన్నులు మోసే ఓడ చేస్తామని మొదలుపెట్టి 2002లో దివాలా తీసింది. దాని కోసం కట్టిన 360 మీటర్ల షెడ్డులో ఇప్పుడు వాటర్ పార్క్ నడుస్తోంది. ఇప్పుడు ఫ్రాన్సులో ఫ్లయింగ్ వేల్స్ అనే కంపెనీ 60 టన్నులు మోసే 200 మీటర్ల ఓడ తయారు చేస్తామంటోంది. దారి లేని అడవుల నుంచి కలప తేవాలనే అవసరం నుంచి ఆ ఆలోచన పుట్టింది. లారీ లాగా రోజూ సరుకు మోసే దశకు మాత్రం ఇంకా ఏదీ రాలేదు.

దీంట్లో ఒక చిక్కుంది, అది మనకు బాగా అర్థమవుతుంది. ఒక ఘనపు మీటర్ హీలియం సుమారు ఒక కిలో బరువునే పైకి లేపుతుంది. అందుకే ఓడ అంత పెద్దది. 60 టన్నుల సరుకు కింద దించేస్తే ఓడ ఒక్కసారి తేలికై పైకి లేస్తుంది. కాబట్టి దించినంత బరువు మళ్ళీ ఎక్కించాలి. ఎక్కువగా నీళ్ళు నింపుతారంట. 60 టన్నుల నీళ్ళంటే 60,000 లీటర్లు. ట్యాంకర్ కోసం బిందెలు వరుస పెట్టే మన తండాల్లో ఆ నీళ్ళు ఎవరు ఇస్తారు?

నీళ్ళు కాకపోతే తిరుగు సరుకు కావాలి. మన నాయక్‌లకు ఈ సంగతి ముందే తెలుసు. ధాన్యం దించిన ఎద్దు ఖాళీగా వెనక్కి రాకూడదు, ఉప్పుతో రావాలి. రెండు వైపులా బరువుంటేనే లదేణి గిట్టుబాటు. లారీ వాళ్ళు దీన్నే రిటర్న్ లోడ్ అంటారు. అంటే రేపు ఏ కొత్త బండి వచ్చినా అడగాల్సిన మొదటి ప్రశ్న, మన ఊరికి ఏం తెస్తావని కాదు. మన ఊరి నుంచి ఏం తీసుకుపోతావు, ఏ ధరకు, ఎవరి పేరు మీద అని. మన చింతపండు, వేరుశెనగ, మేకలు మన సంఘం పేరు మీద ఎక్కితే అది మన బండి. దళారి పేరు మీద ఎక్కితే మనం మళ్ళీ కూలోళ్ళమే.

ఎయిర్‌షిప్ రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో గానీ, పెద్ద మార్పు పెనుకొండకు ఇప్పటికే వచ్చేసింది. ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. లారీల మీద, గూడ్సు రైళ్ళ మీద దేశమంతా పోతున్నాయి. విడిభాగాల కంపెనీలు, గోడౌన్లు చుట్టూ లేచాయి. మీ తండా నుంచి ఆ రవాణాలో ఎంతమంది ఉన్నారో ఒకసారి లెక్కపెట్టండి. అందులో లోడింగ్‌లో ఎందరు, స్టీరింగ్ దగ్గర ఎందరు, ఏ బండి ఎటు పోవాలో నిర్ణయించే కుర్చీలో ఎందరు? మూడో సంఖ్య చూస్తే మన చరిత్ర ఎక్కడ ఆగిపోయిందో తెలుస్తుంది.

ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఈ కోర్సులు కూడా చూడండి. వడోదరలో గతిశక్తి విశ్వవిద్యాలయం ఉంది. రవాణా, లాజిస్టిక్స్ కోసమే పెట్టిన కేంద్ర యూనివర్సిటీ, దాంట్లో మన రిజర్వేషన్ ఉంటుంది. టీచర్, పోలీస్ ఉద్యోగాలకు మాత్రమే ప్రిపేర్ అవ్వాలని ఎక్కడా రాసిలేదు. సరుకు నడిపే విద్య మన ఇంటి విద్య.

ఇంకో పని. మీ ఇంట్లో తొంభై ఏళ్ళు దాటిన అవ్వో తాతో ఉంటే, వాళ్ళ పెద్దోళ్ళు ఏ దారిలో ఎడ్లు తోలారని చెప్పేవాళ్ళో అడగండి. ఏ చెరువు దగ్గర దిగేవాళ్ళు, ఏ సంతలో ఏం అమ్మేవాళ్ళు, ఒక్కో ఊరి పేరుతో సహా రాసి గ్రూపులో పెట్టండి. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్న లదేణి దారులన్నీ మేము ఒక మ్యాప్ మీద గీస్తాం. ఆ దారులు తెలిసినోళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, ఆలస్యం చేయొద్దు.