రైతుకు పీఎఫ్ ఎవరు కోస్తారు? పంట డబ్బు చేతికి వచ్చిన రోజే చేసుకోవాల్సిన ఏర్పాట్లు

నెల్లిమర్ల జ్యూట్ మిల్లు కార్మికుడికి జీతం చేతికి రాకముందే అందులో కొంత పీఎఫ్‌కు పోతుంది. జ్యూట్ పరిశ్రమలో ఈ కోత 10 శాతం. యాజమాన్యం కూడా అంతే కలపాలి. ఐదేళ్ల సర్వీసు నిండితే, ఏడాదికి 15 రోజుల వేతనం లెక్కన గ్రాట్యుటీకి హక్కు ఉంటుంది. మిల్లు లాకౌట్ పడిన రోజుల్లో అదే మనిషి ఆటో నడిపినా, తాపీ పనికి వెళ్లినా, చంపావతి ఒడ్డున అర ఎకరం కౌలుకు తీసుకుని కూరగాయలు వేసినా వీటిలో ఒక్కటీ ఉండదు. ఆ రోజు నుంచి యజమానీ తనే, కూలీ తనే.

రైతుది పుట్టినప్పటి నుంచీ ఇదే పరిస్థితి. కోత కోసేవారు లేరు కాబట్టి కోత పడదు, వయసు మాత్రం పడుతుంది. ఈ కోతను మీకు మీరే ఎలా వేసుకోవాలి, దానికంటే ముందు ఏ లోటు పూడ్చాలి అన్నదే ఈ వ్యాసం.

పంట డబ్బు ఒక్కరోజు ఆదాయం కాదు

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండెకరాల వరి, 40 క్వింటాళ్ల దిగుబడి. 2025-26 సీజన్‌లో సాధారణ రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. మొత్తం 94,760 రూపాయలు వస్తుంది. దుక్కి, నారు, ఊడ్పు, ఎరువులు, కోత, నూర్పిడి కలిపి 60,000 అయిందనుకుంటే మిగిలేది 34,760. ఖాతాలో ఒకేసారి పడినప్పుడు ఇది పెద్ద మొత్తంలా కనిపిస్తుంది. కానీ ఇది ఆరు నెలల మీ కష్టానికి జీతం. నెలకు వేసుకుంటే 5,800 కూడా లేదు. ఇంటిల్లిపాదీ చేసిన పనికి కూలి కట్టలేదు సుమా.

ఈ డబ్బు వచ్చే కాలం కూడా చూడండి. ధాన్యం అమ్మేది డిసెంబరు, జనవరిలలో. వెంటనే సంక్రాంతి, ఆ వెనకే మాఘమాసం పెళ్లిళ్లు. పైడితల్లమ్మ సిరిమాను పండుగ నాటికి పంట ఇంకా చేలోనే ఉంటుంది, ఇంటి నిండా చుట్టాలుంటారు, ఆ ఖర్చుకు తెచ్చిన చేబదుళ్లూ ఈ డబ్బులోంచే తీరాలి. కాబట్టి ‘నెలనెలా పొదుపు చేయండి’ అనే సలహా రైతుకు పెద్దగా ఉపయోగపడదు. నెలనెలా వచ్చేవాళ్లకు అది చెప్పాలి. మీరు తీయాల్సింది ధాన్యం డబ్బు పడిన రోజునే, ఇంకా ఏ ఖర్చూ మొదలుకాకముందే. పదో వంతు తీయగలిగితే మంచిది, పై లెక్కలో అది 3,476 రూపాయలు. ఆ డబ్బును సాగు ఖాతాలో ఉంచకండి. వేరే బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో ఇంకో ఖాతా తెరవండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోకపోయినా నష్టం లేదు.

అయితే ముందు వడ్డీ సంగతి చూడండి

రెండు రూపాయల వడ్డీకి లక్ష తెచ్చిన వ్యక్తి పొదుపు గురించి ఆలోచించడం దండగ. ఏడాదికి 24,000 వడ్డీకే పోతుంది. మూడు రూపాయలైతే 36,000. అదే లక్ష కిసాన్ క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే 7 శాతం చొప్పున 7,000. గడువులోగా కడితే కేంద్రం 3 శాతం రాయితీ ఇస్తుంది కనుక 4,000. ఈ 4 శాతం వడ్డీ 3 లక్షల వరకు తీసుకున్న పంట రుణానికి వర్తిస్తుంది. 2025 జనవరి నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణానికి హామీ, తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన.

కేసీసీ పరిమితి లెక్కించేటప్పుడు పంట పెట్టుబడికి అదనంగా 10 శాతం కోత తర్వాతి ఖర్చులు, ఇంటి అవసరాల కోసం, 20 శాతం వ్యవసాయ పరికరాల మరమ్మతు, నిర్వహణ కోసం కలపాలన్న సంగతి చాలామంది రైతులు బ్యాంకులో అడగరు. మీ పరిమితిలో ఇవి కలిశాయో లేదో మేనేజరును అడగండి. పిల్లల ఫీజుకో, మోటారు కాలిపోయినప్పుడో వడ్డీ వ్యాపారి దగ్గరకు పరుగెత్తే పని కొంతైనా తగ్గుతుంది.

కౌలు రైతు సంగతి వేరు. శిస్తు కట్టి, బయటి వడ్డీ కట్టి, పెట్టుబడి పెట్టుకున్న మనిషిని ‘ముందుచూపు లేదు’ అని తప్పుపట్టడం న్యాయం కాదు. ఆయనకు మొదటి మెట్టు పొదుపు కాదు, పంట సాగుదారు హక్కు పత్రం. 2019 చట్టం ప్రకారం ఇది 11 నెలలకు ఇస్తారు. భూ యజమాని సంతకం కావాలి. భోగాపురం విమానాశ్రయం వచ్చాక భూమి విలువ పెరిగిన ఈ చుట్టుపక్కల ఆ సంతకం అడగడమే ఇబ్బందిగా ఉండవచ్చు. ఈ పత్రం పంట మీద, పంట రుణం, బీమా, నష్టపరిహారం మీద హక్కు ఇస్తుందే తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని యజమానికి చెప్పండి. అవసరమైతే గ్రామ రెవెన్యూ అధికారి ముందే మాట్లాడుకోండి.

మే నెలాఖరులో 456 రూపాయలు

జీవన జ్యోతి బీమాకు ఏడాదికి 436, సురక్షా బీమాకు 20 రూపాయలు. మొదటిది ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు ఇస్తుంది, 18 నుంచి 50 ఏళ్లలోపు చేరాలి. రెండోది ప్రమాద మరణానికి 2 లక్షలు, 70 ఏళ్ల వరకు. పాము కాటు, చెట్టు మీంచి పడటం వంటివి కూడా ఇందులో ప్రమాదం కిందికే వస్తాయి. ఆసుపత్రిలో వెంటనే చూపించిన కాగితం మాత్రం ఉండాలి. నాటువైద్యం చేయించి ఊరుకుంటే ప్రాణానికీ ముప్పే, బీమా డబ్బుకూ ఆధారం ఉండదు.

ఇక్కడ రైతులకు ఒక చిక్కుంది. రెండు పథకాల బీమా ఏడాదీ జూన్ 1న మొదలవుతుంది, ప్రీమియం మే నెలాఖరులో ఖాతా నుంచి తీసుకుంటారు. సరిగ్గా అప్పటికే రబీ డబ్బు అయిపోయి, ఖరీఫ్ విత్తనాల కోసం ఖాతా ఊడ్చేసి ఉంటుంది. నిల్వ లేకపోతే ప్రీమియం పోదు, బీమా ఆగిపోతుంది, ఆ విషయం ఇంట్లో ఎవరికీ తెలియదు. భార్యాభర్తలిద్దరికీ కలిపి 912 రూపాయలు మే 20 నాటికి ఖాతాల్లో ఉండేలా చూసుకోండి. రెండు బ్యాంకుల్లో రెండుసార్లు ప్రీమియం పోతున్నా పరిహారం ఒక్కసారే వస్తుంది కాబట్టి ఒకటి ఆపించండి.

పంటకు బీమా వేరు. ఫసల్ బీమాలో రైతు వాటా ఖరీఫ్ ఆహార పంటలకు బీమా మొత్తంలో గరిష్ఠంగా 2 శాతం, రబీకి 1.5 శాతం, వాణిజ్య, ఉద్యాన పంటలకు 5 శాతం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఉత్తరాంధ్రను తాకాయి. ఎంత జాగ్రత్తపరుడైనా తన పొదుపుతో తట్టుకోగల దెబ్బలు కావవి. కోసిన పనలు చేలో ఉండగా తడిసిపోతే పరిహారం ఉంటుందా లేదా అన్నది మీ పంటకు ఆ రక్షణ నోటిఫై అయిందా అనేదాన్ని బట్టి ఉంటుంది. ముందే రైతు సేవా కేంద్రంలో కనుక్కోండి. ఉంటే, 72 గంటల్లోగా నష్టం తెలియజేయాలి. ఈ-పంటలో మీ పేరు, మీ పంట సరిగా నమోదయ్యాయో లేదో కూడా అప్పుడే చూసుకోండి.

ముసలితనం సంగతి

‘అరవై దాటితే ప్రభుత్వం పింఛను 4,000 ఇస్తుంది కదా’ అనేవారున్నారు. ఇస్తుంది. అయితే దానికి భూమి, ఆదాయ పరిమితులున్నాయి. దాని మీదే జీవితం ఆనించకండి.

ఐదెకరాలలోపు భూమి, 18 నుంచి 40 ఏళ్ల వయసు ఉన్న రైతుకు కిసాన్ మాన్‌ధన్ యోజన ఉంది. చేరిన వయసును బట్టి నెలకు 55 నుంచి 200 రూపాయలు కడితే కేంద్రం అంతే కడుతుంది. 60 ఏళ్లకు నెలకు 3,000 పింఛను. పీఎం కిసాన్ డబ్బులోంచే ఈ వాటా మళ్లించమని కామన్ సర్వీస్ సెంటర్‌లో రాసి ఇవ్వవచ్చు. చేతికి రాకముందే కోత పడే పద్ధతి రైతుకు దొరికేది ఇక్కడే. ఒక షరతు మాత్రం నెల్లిమర్లలో గుర్తుంచుకోవాలి: పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నవారు ఇందులో చేరడానికి వీల్లేదు. మిల్లు పనీ వ్యవసాయమూ రెండూ చేసేవారు అటల్ పెన్షన్ యోజన చూసుకోండి. అందులో ఆదాయపు పన్ను కట్టేవారికి తప్ప బ్యాంకు ఖాతా ఉన్న 18-40 ఏళ్ల వారందరికీ చోటుంది. 5,000 పింఛనుకు 18 ఏళ్లప్పుడు చేరితే నెలకు 210, 30 ఏళ్లకు 577, 40 ఏళ్లకు 1,454. ఆలస్యం ఖరీదు ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఆరు నెలలకోసారి కట్టే వీలుంది, పంటకాలానికి అదే నప్పుతుంది.

నలభై దాటినవారికి ఈ రెండూ లేవు. పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతా మీకు సరిపోతుంది. ఏడాదికి కనీసం 500 వేస్తే చాలు, పంట బాగున్న ఏడు ఎక్కువ వేయవచ్చు. గడువు 15 ఏళ్లు, మధ్యలో ఏడో ఏడు నుంచి కొంత తీసుకోవచ్చు. అప్పులవాళ్లు కోర్టుకు వెళ్లినా ఈ ఖాతాను జప్తు చేయించలేరు. రిజిస్ట్రేషన్ లేని చీటీలో వేసిన డబ్బుకు ఇలాంటి రక్షణ ఏమీ లేదు.

వీటన్నిటిలో నామినీ పేరు రాయించండి. పెళ్లికి ముందు తెరిచిన ఖాతాల్లో ఇప్పటికీ తండ్రి పేరే ఉంటే మార్పించండి. పాసుపుస్తకాలు, బీమా కాగితాలు ఎక్కడున్నాయో మీ ఇంటావిడకు, పెద్ద పిల్లలకు చూపించి, ఏ ఖాతా ఏ బ్యాంకులో ఉందో ఒక కాగితం మీద రాసి వాటితోనే పెట్టండి.