చౌక గణకయంత్రములు: కమొడోరు కంపెనీ చరిత్రము

నూలు కొని బట్ట నేయు నేతగానికి, నూలు వర్తకుడే పోటీగా బట్టల యంగడి తెరచినచో నేమగును? నేతగాడు నూలునకు చెల్లించిన వెలకన్న తక్కువకే యా వర్తకుడు బట్ట నమ్మగలడు. పనితన మెంత యున్నను నేతగానికి దారి తోచదు. ఇట్టి చిక్కులోనే పడి, దానినుండి బయటపడి, పిమ్మట నా యుపాయమునే తాను చేపట్టి, గణకయంత్రములను సామాన్యుల యిండ్లకు చేర్చిన కంపెనీ యొకటి గలదు. దాని పేరు కమొడోరు. ఆ కంపెనీ చరిత్రమును నేడు మీకు మనవి చేసెదను.

దీనిని స్థాపించినవాడు జాక్ ట్రామియెల్. ఇతడు 1928లో పోలెండు దేశమున నొక యూదుల యింట జన్మించెను. రెండవ ప్రపంచయుద్ధ కాలమున నాజీలు ఇతనిని ఆష్విట్జ్ నిర్బంధశిబిరమునకు పంపిరి. తండ్రి నిర్బంధములోనే మరణించెను. 1945లో విముక్తుడై, 1947లో అమెరికా చేరి, అచ్చటి సైన్యమున కొలువు చేయుచు టైపురైటర్లు బాగుచేయు పని నేర్చెను. ఆ పనినే జీవనోపాధిగా గొని, 1950 దశకమున కెనడాలోని టొరాంటో నగరమున కమొడోరు కంపెనీని నెలకొల్పెను. టైపురైటర్లతో మొదలైన వర్తకము కూడికల యంత్రములకును, పిదప చేతిలో నిముడు కాలిక్యులేటర్లకును విస్తరించెను.

ఆ కాలిక్యులేటర్లకు ప్రాణము సిలికాను చిప్పు. గోరంత బిళ్ళలో లెక్కలు చేయు విద్యుత్ మార్గములన్నియు నిమిడియుండును. కమొడోరు ఈ చిప్పులను టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ అను పెద్ద కంపెనీవద్ద కొనుచుండెను. 1970 దశకము నడుమ ఆ పెద్ద కంపెనీయే కాలిక్యులేటర్లు చేసి, కమొడోరునకు సామగ్రికైన ఖర్చుకన్న తక్కువ ధరకు అమ్మసాగెను. నూలు వర్తకుడు బట్టల యంగడి తెరచుట యనగా నిదియే. కమొడోరు దివాలా యంచునకు వచ్చెను.

ట్రామియెల్ ఆ దెబ్బనుండి గ్రహించిన దొక్కటి: మూలసామగ్రి యెవని చేతిలో నున్నదో ధరయు వానిచేతిలోనే యుండును. 1976లో నతడు పెన్సిల్వేనియా రాష్ట్రమునందలి మాస్ టెక్నాలజీ అను చిప్పుల కంపెనీని కొనెను. అంతకు ముందటి సంవత్సరమే ఆ కంపెనీవారు 6502 అను చిప్పును 25 డాలర్లకు వెలువరించి యుండిరి. అట్టి పని చేయు తక్కిన చిప్పుల ధరలు దానికి ఎన్నియో రెట్లు హెచ్చుగా నుండెను.

దాని ఫలితము 1977లో కనబడెను. తెర, మీటలపలక, టేపు యంత్రము ఒకే పెట్టెలో నమర్చిన పెట్ అను గణకయంత్రమును కమొడోరు 795 డాలర్లకు అమ్మెను. అదే సంవత్సరము వచ్చిన ఆపిల్ టూ, తెర లేకుండగనే, 1,298 డాలర్లు. యంత్రములు ధనికుల కొరకు గాక జనసామాన్యము కొరకు చేయవలెనని ట్రామియెల్ పలుకుచుండెడివాడు. 1981లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన విక్-20 ధర 300 డాలర్లకు లోపే. పదిలక్షలు అమ్ముడుపోయిన తొలి గణకయంత్ర మదియే. 1982లో కమొడోరు-64 వచ్చెను. సుమారు 65,000 అక్షరములు పట్టు జ్ఞాపకశక్తి గల యీ యంత్రము 595 డాలర్లు. అంతే జ్ఞాపకశక్తితో 1983లో వచ్చిన ఆపిల్ టూ-ఇ ధర 1,395 డాలర్లు. బొమ్మలు చూపు చిప్పు, ధ్వని పలికించు చిప్పు సైతము కమొడోరు తన కర్మాగారముననే తయారుచేసికొనుటచే నింతటి వ్యత్యాసము సాధ్యమయ్యెను.

అంతటితో నాగక, 1983లో ట్రామియెల్ ధరల పోరు సాగించెను. కమొడోరు-64 వెల కొలది నెలలలో 200 డాలర్ల దరికి దిగెను. ఎదుట నిలిచినది నాటి పాత శత్రువగు టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్. ఆ కంపెనీ తన యంత్రమును 99 డాలర్లవరకు దించి, అపారమైన నష్టము పాలై, ఆ సంవత్సరము అక్టోబరులో ఇంటి గణకయంత్రముల వర్తకమునుండి వైదొలగెను. పాత పగ తీరెను. కాని హెచ్చు ధరకు సరకు కొని నిలువచేసికొన్న చిన్న వర్తకులు నష్టపోయిరి. సరకు పెద్ద బజారు దుకాణములకు మరలగా, కొత్త యంత్రముల వాడుకను కొనువారికి ఓపికతో నేర్పిన పాత వర్తకులకు కమొడోరుపై విశ్వాసము సడలెను.

జయము కలిగిన కొలది నెలలకే, 1984 జనవరిలో, అధ్యక్షుడగు ఇర్వింగ్ గూల్డుతో పొసగక ట్రామియెల్ కమొడోరును విడిచెను. ఆ వేసవిలోనే అటారీ కంపెనీయొక్క గృహయంత్రముల శాఖను కొని, తాను పెంచిన సంస్థకే పోటీగా నిలిచెను. ఇటు కమొడోరు 1984లో తెచ్చిన ప్లస్-4 యంత్రమున కమొడోరు-64 కొరకు వ్రాసిన కార్యక్రమములు పనిచేయలేదు. 1985లో వచ్చిన అమీగా మేలైన యంత్రమే యైనను, అదియు వేరొక జాతిది. పాత యంత్రము కొన్నవాడు కొత్తదానికి సులభముగ మారు దారి లేకపోయెను. అదే కాలమున ఐబీఎం నమూనాను అనుసరించి పెక్కు కంపెనీలు ఒకదాని కార్యక్రమములు మరియొకదానిలో నడచు యంత్రములు చేయగా, వాటి పోటీయే ధరలను దించెను. కమొడోరు 1994లో దివాలా తీసెను. అప్పటికి కమొడోరు-64 యంత్రములు కోటికి పైగా అమ్ముడుపోయి యుండెను. ట్రామియెల్ 2012లో మరణించెను.

పెద్దలారా, ఆ యంత్రములతో నాడు ఆడుకొన్న పిల్లలలో ననేకులు పిమ్మట గణకశాస్త్ర నిపుణులైరి. ఆ మేలు చౌకదనమువలననే కలిగినది. అయినను ఒక సరకు చౌకగా దొరకినప్పుడు, ఆ చౌక యెచ్చటినుండి వచ్చెనని మనము విచారింపవలెను. తయారీలోని నేర్పువలన వచ్చినచో నది నిలుచును. ఎదుటివానిని పడగొట్టుటకే తగ్గించిన ధరయైనచో, నమ్మిన వర్తకుడును, తుదకు తగ్గించినవాడును దానికి మూల్యము చెల్లింతురు. కమొడోరు చరిత్రమున నీ రెండును కనబడుచున్నవి.