ఫోన్ ఛార్జింగ్ స్లోగా ఎక్కి.. గంటల్లోనే దిగిపోతోందా? బ్యాటరీ మార్చే ముందు ఈ టెస్టులు చేసి చూడండి!

గంటల తరబడి ప్లగ్‌కి పెట్టినా 60 శాతం దాటదు. తీసి కాసేపు వీడియోలు చూస్తే చాలు.. మళ్లీ 30కి వచ్చేస్తుంది. ఇలా జరగగానే చాలా మంది నేరుగా మొబైల్ షాపుకెళ్లి బ్యాటరీ మార్చమంటారు. కానీ తప్పు ప్రతిసారీ బ్యాటరీదే కాదు. కేబుల్ లోపల తెగినా, అడాప్టర్ పవర్ చాలకపోయినా, పోర్టులో దుమ్ము పేరుకున్నా, సిగ్నల్ వీక్‌గా ఉన్నా ఫోన్ ఇలాగే ఇబ్బంది పెడుతుంది. అందుకే పైసా ఖర్చు లేని చెకింగ్‌తో మొదలుపెట్టి, బ్యాటరీ దగ్గరికి చివర్లో రావాలి.

స్విచాఫ్ టెస్ట్‌తో మొదలుపెట్టండి

ఫోన్ 30 శాతం దగ్గర ఉన్నప్పుడు మామూలుగా వాడుతూనే అరగంట ఛార్జింగ్ పెట్టండి. ఎంత పెరిగిందో రాసుకోండి. మరోసారి అదే 30 శాతం దగ్గర ఫోన్ స్విచాఫ్ చేసి, అదే ఛార్జర్‌తో అరగంట పెట్టండి. రెండోసారి బాగా ఎక్కువ ఎక్కిందంటే ఛార్జర్ బాగానే పనిచేస్తున్నట్టు. లోపలికి వచ్చే కరెంట్‌ని స్క్రీన్, యాప్స్, నెట్‌వర్క్ అప్పటికప్పుడే తినేస్తున్నాయన్నమాట. స్విచాఫ్‌లోనూ నత్తనడకే అయితే అడాప్టర్, కేబుల్, పోర్టు, బ్యాటరీల్లో ఏదో ఒకదాన్ని అనుమానించాలి.

ఒక విషయం గుర్తుంచుకోవాలి. 80 శాతం దాటాక ఛార్జింగ్ నెమ్మదించడం లోపం కాదు. లిథియం అయాన్ బ్యాటరీ నిండే కొద్దీ దాన్ని కాపాడటానికి ఫోనే కరెంట్ తగ్గించేస్తుంది. ఇక సరిగ్గా 80 దగ్గరే ఆగిపోతుంటే బ్యాటరీ సెట్టింగ్స్‌లో ఛార్జింగ్ లిమిట్ ఆన్‌లో ఉందేమో చూడండి.

అడాప్టర్ మీద రాసిన అంకెలు చదవండి

అడాప్టర్ మీద చిన్న అక్షరాల్లో అవుట్‌పుట్ అని ఉంటుంది. అక్కడున్న వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు వస్తాయి. 5 వోల్టులు, 1 ఆంపియర్ అంటే 5 వాట్లే. ఇప్పటి ఫోన్లలో ఎక్కువగా ఉండే 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో సుమారు 19 వాట్‌అవర్ల శక్తి పడుతుంది. అంటే 5 వాట్ల పాత అడాప్టర్‌తో అది నిండాలంటే తక్కువలో తక్కువ నాలుగు గంటలు, వేడి రూపంలో పోయేది కూడా కలుపుకుంటే ఇంకా ఎక్కువే పడుతుంది. ల్యాప్‌టాప్‌లోని పాతరకం యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రామాణికంగా ఇచ్చేది 2.5 వాట్లే. దానికి పెట్టి వీడియో చూస్తే శాతం పెరగకపోగా తగ్గే అవకాశం కూడా ఉంది.

మరో చిక్కు కూడా ఉంది. కొన్ని బ్రాండ్ల ఫాస్ట్ ఛార్జింగ్ వాళ్ల సొంత అడాప్టర్, సొంత కేబుల్ ఉంటేనే పనిచేస్తుంది. బయట కొన్నది 65 వాట్లదైనా, ఫోన్‌కి దానికి భాష కుదరకపోతే మామూలు స్పీడే వస్తుంది. కొత్త అడాప్టర్ కొనేటప్పుడు బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి. ఆర్ అక్షరంతో మొదలయ్యే ఆ నంబర్‌ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి అసలుదో నకిలీదో తెలుసుకోవచ్చు.

కేబుల్, పోర్టు.. ఒక్కొక్కటిగా మార్చండి

అడాప్టర్, కేబుల్ రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తేలదు. ముందు కేబుల్ ఒక్కటే మార్చి చూడండి. తర్వాత అడాప్టర్. మామూలు టైప్ సీ కేబుల్ 3 ఆంపియర్ల వరకే మోస్తుంది. 5 ఆంపియర్లు కావాలంటే లోపల ప్రత్యేకమైన చిప్ ఉన్న కేబుల్ ఉండాలి.

కేబుల్ పూర్తిగా లోపలికి దిగకపోయినా, కాస్త కదిపితే ఛార్జింగ్ ఆగి మళ్లీ వస్తున్నా పోర్టులో చెత్త ఉండొచ్చు. జేబులోని దారం పోగులు, దుమ్ము లోపల గట్టిగా అట్టకట్టేస్తాయి. ఫోన్ స్విచాఫ్ చేసి, టార్చ్ వేసి చూసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా తీయాలి. పిన్నీసు, సూది వాడితే లోపలి కాంటాక్ట్స్ దెబ్బతింటాయి. తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే ఆరేదాకా ఛార్జింగ్ పెట్టొద్దు. బియ్యం డబ్బాలో పెట్టడం కూడా వద్దని ఆపిల్ సైతం చెబుతోంది. బియ్యపు నూక పోర్టులోకి వెళ్తే అదో కొత్త తలనొప్పి.

ఎండాకాలంలో స్లో అవుతోందా?

ఫోన్ వేడెక్కితే ఛార్జింగ్ స్పీడ్ దానంతట అదే తగ్గుతుంది. ఐఫోన్‌ని 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని ఆపిల్ సూచిస్తోంది. మన దగ్గర మే నెలలో చాలా చోట్ల 40 డిగ్రీలు దాటుతుంది. బైక్ హోల్డర్‌లో ఎండకు పెట్టి, మ్యాప్ ఆన్ చేసి, పవర్‌బ్యాంక్ తగిలిస్తే ఫోన్‌కి మూడు వైపులా వేడి. ఇలా రోజూ జరిగితే బ్యాటరీ ఆయుష్షు తగ్గిపోతుంది, ఆ నష్టం మళ్లీ పూడదు. ఛార్జింగ్ టైమ్‌లో మందపాటి పౌచ్ తీసేయండి. దిండు కింద, పరుపు మీద పెట్టొద్దు.

త్వరగా దిగిపోతుంటే.. రాత్రి ఈ పరీక్ష

ఒక రాత్రి పడుకునే ముందు శాతం చూసి మామూలుగా వదిలేయండి. మర్నాడు రాత్రి ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. మొదటి రాత్రి బాగా దిగి, రెండో రాత్రి దాదాపు అలాగే ఉంటే దొంగ బ్యాటరీ కాదు.. నెట్‌వర్కో, యాప్సో.

సిగ్నల్ ఒక్క గీతే ఉన్న చోట ఫోన్ టవర్ కోసం ఎక్కువ పవర్ వాడుతుంది. రైలు ప్రయాణంలో, లోపలి గదుల్లో త్వరగా దిగిపోవడానికి ఒక కారణం ఇదే. 5జీ వస్తూ పోతూ ఉండే చోట 4జీకి మార్చి ఒక రోజు చూడండి. ఇంట్లో ఉంటే వైఫై వాడండి.

తర్వాత సెట్టింగ్స్‌లో బ్యాటరీ యూసేజ్ ఓపెన్ చేయండి. అసలు వాడని యాప్ పైవరుసలో కనిపిస్తే దాని బ్యాక్‌గ్రౌండ్ వాడకం ఆపేయండి. ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్‌లో పెడితే మీరు వేసుకున్న యాప్స్ పనిచేయవు. అప్పుడు బ్యాటరీ నిలబడితే ఈమధ్య వేసిన యాప్స్‌ని ఒక్కొక్కటిగా తీసేయండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత ఒకటి రెండు రోజులు ఎక్కువ దిగడం మామూలే. ఇక డార్క్ మోడ్ అమోలెడ్ స్క్రీన్‌కే ఉపయోగం. ఎల్‌సీడీకి పెద్దగా తేడా ఉండదు.

బ్యాటరీ పోయిందని ఎప్పుడు తేల్చాలి?

ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ విభాగంలో బ్యాటరీ హెల్త్ కనిపిస్తుంది. మ్యాగ్జిమమ్ కెపాసిటీ 80 శాతం కంటే తగ్గితే మార్చే టైమ్ దగ్గరపడినట్టే. ఐఫోన్ 14, అంతకుముందు మోడళ్లు 500 ఛార్జింగ్ సైకిల్స్ వరకు, ఐఫోన్ 15 నుంచి 1000 సైకిల్స్ వరకు 80 శాతం నిలబెట్టుకునేలా తయారుచేసినట్టు ఆపిల్ చెబుతోంది. సామ్‌సంగ్ ఫోన్లలో సామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లో బ్యాటరీ చెకప్ ఉంటుంది. 30 శాతం చూపిస్తూనే ఠక్కున ఆఫ్ అవడం, ఏరోప్లేన్ మోడ్‌లోనూ బాగా దిగడం బ్యాటరీ అరిగిందనడానికి గట్టి గుర్తులు.

వెనక కవర్ ఉబ్బినా, స్క్రీన్ అంచు పైకి లేచినా ఏ టెస్టూ వద్దు. వెంటనే ఛార్జింగ్ ఆపేసి స్విచాఫ్ చేయండి. నొక్కడం, గుచ్చడం, కవర్ ఊడదీయడం లాంటివి చేస్తే మంటలు రావచ్చు. మండే వస్తువులకు దూరంగా ఉంచి సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లండి.

బ్యాటరీ మార్చక తప్పదంటే ముందు డేటా బ్యాకప్ తీసుకోండి. వారంటీ ఉందో లేదో చూసుకుని, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బిల్లుతో వేయించుకోండి. తక్కువకు దొరికే డూప్లికేట్ బ్యాటరీల్లో రక్షణ సర్క్యూట్ సరిగ్గా ఉంటుందన్న గ్యారంటీ లేదు. తీసేసిన పాతదాన్ని చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వాలి. చాలాసార్లు అంతదూరం వెళ్లే పనే ఉండదు.. కేబుల్ మార్చితేనో, టూత్‌పిక్‌తో పోర్టు శుభ్రం చేస్తేనో సమస్య తీరిపోతుంది.