ఉరుము, తప్పెట: అనంతపురం వాద్యకారుల పేర్లు ఎక్కడ?

శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యద ఆరో ఆశ్వాసంలో మాలదాసరి కథ ఉంది. ఊరికి దూరంగా ఉండే ఆ గాయకుడు చీకటితోనే లేచి కురుంగుడి గుడికి వెళ్లి, బయటే నిలబడి పాడి తిరిగొస్తాడు. దారిలో తనను పట్టుకున్న బ్రహ్మరాక్షసుడికి తన పాట ఫలం ధారపోసి, రాక్షసరూపం నుంచి విడిపిస్తాడు. కథలో ఆ రాక్షసుడికి రెండు పేర్లున్నాయి. ఇప్పటిది కుంభజానువు, వెనకటి బ్రాహ్మణ జన్మలో సోమశర్మ. పాడినవాడికి మాత్రం ఒక్క పేరూ లేదు. మాలదాసరి అన్నది అతని కులం.

రాయలు కాలం చేసిన కొన్ని దశాబ్దాలకు, 1565 యుద్ధం తర్వాత, విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. ఆ పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో మాల దాసరులు ఇప్పటికీ వాద్యం పట్టుకునే ఉన్నారు. రాతల్లో వాళ్ల పరిస్థితి కూడా పెద్దగా మారలేదు. మేము మా పరిశోధన కోసం తిరగేసిన సావనీర్లలో, పత్రికల కత్తిరింపుల్లో వేదిక మీది అతిథులందరికీ హోదాలతో సహా పేర్లున్నాయి. పక్కనే నిలబడిన వాద్యకారుల కింద ‘జానపద కళాకారుల బృందం’ అని ఉంది, అంతే.

ఈ వ్యాసం పాత అనంతపురం జిల్లా, అంటే ఇవాళ్టి అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల గురించి. ఇక్కడి రెండు వాద్యాల గురించి ముందు చెప్పుకోవాలి.

మొదటిది ఉరుము. రెండు వైపులా తోలు మూసిన పెద్ద వాద్యం. ఒక వైపు పుల్లతో కొడతారు, రెండో వైపు వంపు పుల్లతో తోలును రాస్తారు. ఆ రాపిడికి మూలుగులాంటి, దూరంగా మబ్బు ఉరిమినట్టుండే శబ్దం వస్తుంది. పేరు అక్కడి నుంచే. ఎక్కువగా మాల దాసరులు వాయిస్తారు. పొడుగు అంగీలు తొడిగి, కాళ్లకు గజ్జెలు కట్టి, గంగమ్మ, అంకమ్మ కథలు పాడుతూ గుండ్రంగా అడుగులేస్తారు. వాయించడం, పాడడం, ఆడడం, కథ చెప్పడం నాలుగూ ఒకే మనిషి చేసే పని. దీన్ని ‘ఉరుముల నృత్యం’ అని పిలవడంతోనే మూడొంతుల విద్య పక్కకు పోతోందని మా అభిప్రాయం.

రెండోది తప్పెట. తెలంగాణలో డప్పు అంటారు, సీమలో కొన్ని చోట్ల పలక అని కూడా వినిపిస్తుంది. కొయ్య చట్రానికి చింతగింజల జిగురుతో తోలు అంటిస్తారు. ఒక చేతిలో లావు సిర్ర, రెండో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. వాయించే ముందు మంటకు కాచి శ్రుతికి తెచ్చుకుంటారు. పెళ్లికి, జాతరకు, చావుకు దరువు వేరు; దూరం నుంచి వింటూనే ఊళ్లో సంగతేమిటో చెప్పేయొచ్చు. దీని వెనక మాదిగల తోలు పని ఉంది. తోలును ఎండబెట్టి, బిగించి, నాదం తెప్పించే నేర్పును సంగీత శాస్త్రంగా ఎవరూ లెక్కించలేదు. శాస్త్రీయ సంగీతంలోనూ ఇంతే. మృదంగం చేసే దళిత క్రైస్తవ కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ రాసిన ‘సెబాస్టియన్ అండ్ సన్స్’ 2020లో వచ్చేదాకా, పాల్ఘాట్ మణి అయ్యర్ మృదంగం వెనక పర్లాందు అనే మనిషి ఉన్నాడని ఎంతమంది శ్రోతలకు తెలుసు?

ఈ జిల్లాలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. ఇక్కడి వాద్యానికి పోషకులు సభలు కావు, ‘దేవర’లు. ఊరంతా చందాలేసుకుని కొన్నేళ్లకోసారి చేసే అమ్మవారి పండగ అది. వేరుశనగ పండితే దేవర, ఎండితే వాయిదా. వాయిదా పడ్డ ప్రతిసారీ ఉరుములోళ్ల ఇంట్లో సంపాదన ఆగుతుంది. కుర్రాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు, నేర్పేవాడికి నేర్చుకునేవాడు దొరకడు. ‘యువతకు ఆసక్తి లేదు’ అని సెమినార్లలో తేలిగ్గా అనేవాళ్లు ఈ లెక్క చూడరు.

అదే జిల్లాలో నిమ్మలకుంట తోలుబొమ్మలకు గుర్తింపు వచ్చింది. దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. అది న్యాయమే. కానీ బొమ్మను దీపపు తొడుగుగా చేసి అమ్మొచ్చు, ప్రదర్శనలో గోడకు తగిలించొచ్చు. దరువును తగిలించడానికి మేకు ఉండదు. అందుకే దాన్ని వాయించినవాడి పేరు రాయడం మరింత అవసరం.

హిందూపురం దాటితే కర్ణాటక. అక్కడ చిక్కబళ్లాపుర జిల్లాకు చెందిన మునివెంకటప్ప గారికి తమటె వాద్యానికి 2023లో పద్మశ్రీ వచ్చింది. తమటె అంటే మన తప్పెటే. తమిళనాడులో పరై వాద్యకారుడు వేలు ఆసాన్‌కు 2025లో వచ్చింది. మన వైపు తప్పెట గురువుల్లో ఒకరి పేరు చెప్పమంటే తడుముకోవాల్సి వస్తోంది. గురువులు లేక కాదు, ఎవరూ రాసిపెట్టక.

అవార్డు వస్తే సరిపోతుందా అంటే, 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారిని చూడండి. 2022లో పద్మశ్రీ. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నారని పత్రికల్లో వార్తలు. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 50 ఏళ్లు దాటిన డప్పు కళాకారులకు 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయల పింఛను ఇస్తున్నారు. పతకం కన్నా ఇది ఉపయోగమని మేము మొహమాటం లేకుండా చెబుతాం. అయితే పథకంలో ఉన్న మాట ‘డప్పు కళాకారులు’. ఉరుము దాని కిందికి వస్తుందా అని అడిగితే ఒక్కో ఆఫీసులో ఒక్కో జవాబు వచ్చే ప్రమాదం ఉంది.

ఒక అభ్యంతరాన్ని దాటవేయలేం. చావుకు తప్పెట కొట్టడం, చాటింపు వేయడం చాలా ఊళ్లలో కళగా కాదు, వెట్టిగా సాగింది. ‘మా నాన్న చేతిలోంచి తప్పెట లాగేసి చదివించుకున్నాం, మళ్లీ మా చేతికెందుకిస్తున్నారు?’ అని అడిగే మాదిగ యువకుడి ప్రశ్న సరైనదే. మరోవైపు 1994లో మొదలైన మాదిగ దండోరా అదే వాద్యాన్ని ఆత్మగౌరవ చిహ్నంగా భుజానికెత్తుకుంది. మా దృష్టిలో ఈ రెండింటికీ వైరుధ్యం లేదు. వాయించను అనే హక్కు ఉన్నచోటే వాయించడం కళ అవుతుంది. వాయించమని బలవంతపెడితే అది వెట్టి. 2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3(1)(హెచ్) ప్రకారం నేరం.

బయటి దేశాల్లోనూ చర్మవాద్యానికి ఇలాంటి చరిత్రే ఉంది. క్యూబాలో బానిసల మనవడు ఆర్సేనియో రోడ్రిగెజ్, వీధి వాద్యమని చిన్నచూపు చూసిన కాంగా డోలును 1940 ప్రాంతంలో తన నృత్య బృందంలోకి తెచ్చాడు. మాంబో సంగీతం పేరు చెబితే మాత్రం ప్రపంచానికి పెరెజ్ ప్రాడో గుర్తొస్తాడు. ఆర్సేనియో 1970లో లాస్ ఏంజిల్స్‌లో పెద్దగా ఎవరికీ పట్టకుండానే చనిపోయాడు.

ఇక చట్టంలో ఉన్నా మనవాళ్లు వాడుకోని సంగతి. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం వాద్యకారుడు ‘ప్రదర్శకుడు’. అతని ప్రదర్శన మీద హక్కులు 50 ఏళ్లు ఉంటాయి. 2012 సవరణతో చేర్చిన సెక్షన్ 38బి, ఈ ప్రదర్శన నాదే అని పేరు వేయించుకునే హక్కు ఇచ్చింది. సినిమావాళ్లు, యూట్యూబ్ చానళ్లు ఊళ్లకొచ్చి దరువు రికార్డు చేసుకుని ‘సంప్రదాయ జానపదం’ అని వేసుకోవడం ఇకపై మర్యాద సమస్య మాత్రమే కాదు.

ఫీల్డ్‌వర్క్‌కు వెళ్లే విద్యార్థులకు మా మాట ఇది. మనిషి పేరు తను చెప్పినట్టే రాయండి, రికార్డుల్లోని ‘గాడు’ తోకలను మోసుకురావద్దు. కులం పేరు వేయాలా వద్దా అని అడగండి. కొందరు గర్వంగా వేయమంటారు, కొందరు వద్దంటారు, రెండూ వాళ్ల ఇష్టం. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, వాద్యం ఎవరు చేశారో, ఆరోజు ఎంత ఇచ్చారో, ఆ డబ్బు ఎంతమంది పంచుకున్నారో రాసుకోండి. బృందంలో ఎనిమిది మంది ఉంటే ఎనిమిది పేర్లూ కావాలి. రికార్డింగ్ కాపీని ఊరు వదిలేలోపే వాళ్ల ఫోన్లోకి పంపండి. తర్వాత పంపిస్తాం అన్నవాళ్లలో చాలామంది పంపరు, మేమూ ఒకటి రెండుసార్లు ఆ తప్పు చేశాం.