పక్క సీటు లేని బండి

మా రెడ్డిగూడెంలో మామిడి కోతలు మొదలైతే ఇళ్ళల్లో ఎవరూ నిలవరు. కాయ కోసేవాళ్ళు, ఏరేవాళ్ళు, కూలీలకు వంట చేసేవాళ్ళు, లోడు పంపించేవాళ్ళు, అందరికీ తోటలోనే పని. ఆ రోజుల్లో వీధరుగు మీద మిగిలిపోయేది మా పెద్దమ్మ కూతురు ఒక్కతే. రెండో ఏట పోలియో వచ్చి ఆమె రెండు కాళ్ళూ చచ్చుబడ్డాయి. తోట లెక్కలన్నీ ఆమె చేతిరాతలోనే ఉండేవి. ఏ చెట్టు కాపు మానేసింది, ఏ వ్యాపారి ఎంత బాకీ ఉన్నాడు, అన్నీ ఆమెకు నోటికి వచ్చు. కానీ ఆ తోటను కళ్ళారా చూసింది ఏడాదికి ఒకటి రెండుసార్లే. "చూడాలని ఉండదా అక్కా?" అని అడిగితే, "తీసుకెళ్ళేవాళ్ళుండాలి కదే" అనేది.

మగవాళ్ళు వెళ్తారు, ఆడవాళ్ళను తీసుకెళ్తారు. మన భాషలోనే ఉంది ఆ తేడా. పుట్టింటికీ, ఆస్పత్రికీ, సినిమాకీ 'తీసుకెళ్ళబడే' మనం చదువుతోనో ఉద్యోగంతోనో కొంతవరకు 'వెళ్ళడం' నేర్చుకున్నాం. వికలాంగ స్త్రీ మాత్రం ఆ మొదటి క్రియ దగ్గరే ఆగిపోయింది.

2018లో అక్క తమ్ముడు కారు కొన్నాడు. దానికి చేతులతో నడిపే ఏర్పాటు చేయిస్తే అక్క కూడా నడుపుతుంది కదా అన్నాను. ఎలా నడుపుతుందని ఎవరూ అడగలేదు. "కారేసుకుని ఎక్కడికెళ్తదమ్మా?" అని అడిగారు. వివరాలు కనుక్కుందామని ఒక కార్యాలయానికి వెళ్తే, అక్కడి ఉద్యోగి మర్యాదగానే కూర్చోబెట్టి, "బండి ఆవిడ ఒక్కరికేనా మేడమ్, ఇంట్లోవాళ్ళు కూడా వాడతారా?" అన్నాడు. అందరూ వాడతారని చెప్పాను. "అయితే కష్టం" అన్నాడు.

ఈ రెండు ప్రశ్నలూ నన్ను చాలాకాలం వదల్లేదు. మొదటిది మా ఇంటి ప్రశ్న, రెండోది చట్టం ప్రశ్న. చదువుతూ పోతే రెండూ ఒకే చోట పుట్టాయని అర్థమైంది.

ముందు యంత్రం సంగతి చూద్దాం. అది మనం భయపడేంత పెద్ద విషయం కాదు. కారులో కాళ్ళకున్న పనులు మూడు: వేగం పెంచడం, బ్రేకు వేయడం, క్లచ్చి తొక్కడం. స్టీరింగు కింద పక్కగా ఒక లీవరు బిగించి, దాని నుంచి పెడళ్ళ దాకా ఉక్కు కడ్డీలు వేస్తారు. చాలా నమూనాల్లో లీవరును ముందుకు నెడితే బ్రేకు పడుతుంది, తన వైపు లాగితే వేగం పెరుగుతుంది. బండి ఆగేటప్పుడు ఒళ్ళు ముందుకే తూలుతుంది గనక ఆ తూలు కూడా బ్రేకుకు సాయమే. ఒక చెయ్యి లీవరు మీద ఉంటుంది కాబట్టి రెండో చేత్తో తేలిగ్గా తిప్పడానికి స్టీరింగు చక్రానికి గుండ్రటి పిడి ఒకటి బిగిస్తారు. క్లచ్చిదే అసలు చిక్కు. గేరు రాడ్డు మీదే క్లచ్చి మీట పెట్టే పద్ధతులు ఉన్నా, ఆటోమేటిక్ కారైతే ఆ బెడదే ఉండదు. మన దేశంలో ఆటోమేటిక్ కార్లు చాలాకాలం డబ్బున్నవాళ్ళవే. 2014లో మారుతి సెలెరియోతో చవకరకం ఆటోమేటిక్ గేర్లు వచ్చాక ఆ తలుపు కొంత తెరుచుకుంది.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి. లీవరు బిగించినా కింద పెడళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. పొద్దున అక్క చేతులతో నడిపిన కారునే సాయంత్రం తమ్ముడు కాళ్ళతో నడపొచ్చు. అంటే యంత్రం ఇంటిల్లిపాదినీ ఒప్పుకుంటుంది. ఒప్పుకోనిది ఇంకేదో.

చేతులతో నడిపే కార్లలో బాగా పేరుపడ్డది అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుది. 1921లో జబ్బు చేసి కాళ్ళు పడిపోయిన ఆయన 1936 నాటి ఫోర్డు ఫేటన్‌కు చేతి మీటలు పెట్టించుకున్నాడు. 1939 జూన్‌లో బ్రిటన్ రాజు ఆరో జార్జి, రాణి ఎలిజబెత్ హైడ్ పార్కులోని ఆయన ఇంటికి వచ్చినప్పుడు ఆ కారులోనే ఎక్కించుకుని తనే నడిపాడు. కాళ్ళు కదలని మగవాడి పక్కన కూర్చుని రాజూ రాణీ ప్రయాణం చేశారు. 'ఈయన కారేసుకుని ఎక్కడికెళ్తాడు' అని ఎవరూ అడిగి ఉండరు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ వసతి అధ్యక్షుడి స్థాయి నుంచి మామూలు మనిషి దాకా వచ్చింది. అయితే ఆ మామూలు మనిషి ఎవరు? 1946లో అమెరికా కాంగ్రెసు యుద్ధంలో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు కారు కొనుక్కోవడానికి 1600 డాలర్ల దాకా ఇచ్చే చట్టం చేసింది. మంచి చట్టమే. కానీ దాని కళ్ళముందున్నది తిరిగొచ్చిన సైనికుడు. దేశానికి కాలు ఇచ్చాడు గనక దేశం కారు ఇస్తుంది. పోలియో వచ్చిన ఆడపిల్ల, పొలంలోనో ఫ్యాక్టరీలోనో నడుము విరిగిన స్త్రీ ఎవరికీ ఏమీ 'ఇవ్వలేదు' కాబట్టి ఆ లెక్కలోకి రాలేదు.

బ్రిటన్ కథ ఇంకా విచిత్రం. అక్కడ 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక, నడవలేనివాళ్ళకు ప్రభుత్వమే మూడు చక్రాల మోటారు బండ్లు ఉచితంగా ఇచ్చింది. వాటిలో ఇన్వాకార్ అనేది బాగా తెలిసిన పేరు. లేత నీలం రంగు వేసుకున్న ఆ బండికి ఒకే సీటు. పక్కన ఇంకొకరిని ఎక్కించుకునే చోటే లేదు. వికలాంగుడంటే ఒంటరివాడు, అతనికి భార్యా పిల్లలూ స్నేహితులూ ఉండరని ఆ బండి తయారీలోనే రాసిపెట్టారు. అది మగవాళ్ళకూ అవమానమే. కానీ చంటిబిడ్డ తల్లికి ఆ బండి ఇస్తే బిడ్డను ఎక్కడ కూర్చోబెట్టాలి? సంతకు వెళ్ళొస్తూ ముసలి తల్లిని ఎక్కించుకోవాలంటే? ప్రమాదాలు, ఒంటరితనం రెంటి మీదా వికలాంగులు చాలా ఏళ్ళు పోట్లాడాక 1970ల్లో ఆ బండ్లను ఆపేసే నిర్ణయం జరిగింది. 1977లో మోటబిలిటీ అనే సంస్థ పుట్టి, భత్యానికి బదులుగా మామూలు కార్లు అద్దెకిచ్చే పద్ధతి తెచ్చింది. చివరి నీలం బండ్లు 2003లో రోడ్డు దిగాయి.

బండి దిగింది గానీ, దాని వెనకున్న ఆలోచన అంతకుముందే ఓడెక్కి మన దేశం వచ్చేసింది. బ్రిటన్ 1930లో చేసిన రోడ్డు ట్రాఫిక్ చట్టంలో 'ఇన్వాలిడ్ క్యారేజ్' అనే బండికి నిర్వచనం ఉంది. దాన్ని ఇంచుమించు అలాగే మన 1939 మోటారు వాహనాల చట్టంలో పెట్టుకున్నాం. రాణీగారు రూజ్వెల్టు కారెక్కిన సంవత్సరమే అది. స్వతంత్రం వచ్చిన నలభై ఏళ్ళకు, 1988 చట్టంలో కూడా అదే ఉంచుకున్నాం. ఆ నిర్వచనం సారాంశం ఇది: ఆ బండి వికలాంగుల కోసం ప్రత్యేకంగా రూపొందించి కట్టినదై ఉండాలి, మామూలు బండికి కేవలం మార్పులు చేసినది కాకూడదు. దాన్ని ఆ వ్యక్తి మాత్రమే వాడాలి, లేదా ఆ వ్యక్తి కోసం మాత్రమే వాడాలి.

ఈ రెండు షరతుల్నీ ఒక ఆడమనిషి వైపు నుంచి చదివి చూడండి. 'కేవలం మార్పులు చేసినది కాకూడదు' అంటే ఇంట్లో ఉన్న కారుకు లీవరు బిగించుకుంటే అది లెక్కలోకి రాదు. ప్రత్యేకంగా కట్టించుకునే డబ్బు ఎవరి దగ్గర ఉంటుంది? పైగా 2000లో వచ్చిన సవరణతో, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చడం మీద చట్టం మరింత బిగుసుకుంది. ఇక 'మాత్రమే'. మన ఇళ్ళల్లో ఏ ఆడదానికైనా తన ఒక్కదాని కోసమే అనే వస్తువు ఏముంది? కంచం ముందు చివర కూర్చుంటుంది, మంచం అందరికీ వేశాక వేసుకుంటుంది. ఆమె కారు నడిపితే అందులో పిల్లల బడిసంచులు ఉంటాయి, అత్తగారి మందులు ఉంటాయి, మామిడికాయల బుట్ట ఉంటుంది. ఆమె 'స్వతంత్రం' ఒంటరితనం కాదు. చట్టం మాత్రం ఒంటరి మగవాణ్ణి ఊహించుకుని, అతని కొలతలతో ఆమెకు చొక్కా కుట్టింది.

కానీ చట్టం చూడని దారుల్లో వేరే చరిత్ర నడిచింది. 1984లో కైనెటిక్ హోండా వచ్చింది. గేర్లు మార్చక్కర్లేదు, కాలితో తన్నక్కర్లేదు, మీట నొక్కితే స్టార్టవుతుంది. 1990ల్లో స్కూటీలు, ఆ తర్వాత యాక్టివాలు. మగవాళ్ళు 'ఆడవాళ్ళ బండి' అని నవ్వారు. ఆ నవ్వించుకున్న బండికే వెనక రెండు పక్కచక్రాలు తగిలించుకుని కొన్ని వేల మంది వికలాంగులు రోడ్డెక్కారు. బెజవాడ ఆటోనగర్‌ లాంటి చోట్ల పేరూ ఊరూ చరిత్రకెక్కని మెకానిక్కులు ఎవరి ఒంటికి తగ్గట్టు వాళ్ళకు వెల్డింగు చేసి ఇచ్చారు. స్త్రీల కోసం తేలిక చేసిన యంత్రం వికలాంగులకు దారి ఇవ్వడం యాదృచ్ఛికం కాదనుకుంటాను. కండబలమే కొలతగా ఉన్న లోకం నుంచి ఇద్దర్నీ బయటికి నెట్టింది ఒకే చెయ్యి.

కాయితం మీద పరిస్థితి మారుతూనే వచ్చింది. 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికలో ఆరో అధికరణం వికలాంగ స్త్రీల గురించి, ఇరవయ్యోది సొంతంగా తిరగగలగడం గురించి. మన దేశం దాన్ని 2007లో ఆమోదించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 41వ సెక్షను వాహనాలకు మార్పులు చేయించుకోవడానికి, రాయితీలకు ప్రభుత్వాలు పథకాలు పెట్టాలంది. 2019 ఆగస్టులో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 'ఇన్వాలిడ్ క్యారేజ్' అనే మాట తీసేశారు. దాని స్థానంలో 'అడాప్టెడ్ వెహికల్' వచ్చింది. మార్పులు చేయించిన మామూలు కారు కూడా ఇప్పుడు ఆ నిర్వచనంలోకి వస్తుంది. ఎనభై ఏళ్ళకు మొదటి షరతు పోయింది.

రెండోది పోలేదు. 'ఆ వ్యక్తి మాత్రమే, ఆ వ్యక్తి కోసం మాత్రమే' అన్నది కొత్త నిర్వచనంలో కూడా అలాగే కూర్చుని ఉంది.

ఆ 'మాత్రమే' ఎప్పుడు పట్టించుకుంటారో, ఎప్పుడు పట్టించుకోరో కూడా చూడాలి. చిన్న కార్ల మీద 2025 సెప్టెంబరు 22 దాకా జీఎస్టీ 28 శాతం ఉండేది, వికలాంగులకు 18 శాతం. ఆ తర్వాతే అందరికీ 18 అయింది. ఆ రాయితీ రోజుల్లో ఇంట్లో ఉన్న వికలాంగ స్త్రీ పేరు మీద కారు కొని, తాళాలు మగవాళ్ళ జేబులో ఉన్న ఇళ్ళు నాకు తెలుసు. ఆమె కోసం అన్న కారులో ఆమె తప్ప అందరూ తిరిగారు. అప్పుడు ఏ 'మాత్రమే' అడ్డం రాలేదు. ఆమె నడుపుతానన్నప్పుడే వచ్చింది.

పథకాల నిబంధనలు కూడా ఇలాగే ఉంటాయి. మన రాష్ట్రంలో ఉచితంగా ఇచ్చే మూడు చక్రాల మోటారు బండ్లకు 18 నుంచి 45 ఏళ్ళ వయసు, 70 శాతం వైకల్యం, పదో తరగతి పాసు లాంటి అర్హతలు పెట్టారు. హైస్కూలుకు తీసుకెళ్ళేవాళ్ళు లేక ఏడో తరగతితో బడి ఆగిపోయిన ఆడపిల్లను తలుచుకోండి. బండి లేక చదువు రాలేదు, చదువు లేక బండి రాదు.

మరి నడిపిన స్త్రీలు లేరా? ఉన్నారు. వెన్నుపాములో కణితికి ఆపరేషన్లు జరిగి 1999లో ఛాతీ కింది భాగం చచ్చుబడిన దీపా మాలిక్, మార్పులు చేసిన బండితో కారు ర్యాలీల్లో పాల్గొంది. 2016 రియో పారాలింపిక్స్‌లో షాట్‌పుట్‌లో వెండి పతకం తెచ్చింది. కేరళకు చెందిన జిలుమోళ్ మేరియట్ థామస్ రెండు చేతులూ లేకుండా పుట్టింది. కొన్నేళ్ళు పోరాడి 2023 డిసెంబరులో లైసెన్సు సాధించింది, పాదాలతో నడుపుతుంది. ఆసియాలోనే ఇలా లైసెన్సు పొందిన మొదటి మహిళ అని పత్రికలు రాశాయి. ఇద్దరి పట్టుదలకూ నమస్కారం. కానీ వాళ్ళ గురించి రాసిన వార్తల్లో 'అద్భుతం', 'స్ఫూర్తి' అనే మాటలే ఎక్కువ. హిమాలయాలు ఎక్కితేనో, ఆసియాలో మొదటిదైతేనో తప్ప వికలాంగ స్త్రీ డ్రైవరు మనకు కనబడదు. మైలవరం వెళ్ళి బ్యాంకులో పని చూసుకుని, వస్తూ కూరగాయలు తెచ్చుకునే స్త్రీ వార్త కాదు. నిజానికి ఆమే వార్త. ఎక్కడికి వెళ్తావని అడిగించుకోకుండా వెళ్ళడమే కదా హక్కంటే.

మన స్త్రీవాదం కూడా ఇక్కడ తన లెక్క చూసుకోవాలి. రాత్రివేళ రోడ్డు మీద నడిచే హక్కు గురించి ఎన్నో రాశాం. నడవలేని వాళ్ళ గురించి రాసింది తక్కువ. మన సభలకు రెండో అంతస్తులో హాలు మాట్లాడి, 'అందరూ ఆహ్వానితులే' అని కరపత్రం వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

అక్క కథ చెప్పి ఆపుతాను. కారు మాట అలాగే నానుతూండగా, లెక్కలు రాసినందుకు తోట ఆదాయంలో తన వాటా తనకివ్వమని ఆమె అడిగింది. అడగడం అదే మొదలు. ఇంట్లో కొన్నాళ్ళు మాటల్లేవు. ఆ డబ్బుతో స్కూటరు కొని పక్కచక్రాలు వేయించుకుంది. మొదటిరోజు తోటకెళ్ళి, గట్టు దగ్గరే బండి ఆపి, చాలాసేపు చెట్లు లెక్కపెట్టిందట. తన పుస్తకంలో ఉన్నవాటికన్నా మూడు చెట్లు తక్కువున్నాయి. ఎవరు కొట్టించారో, ఎప్పుడు కొట్టించారో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

వర్షం వస్తే స్కూటరు మీద తడుస్తుంది, ఎండాకాలం మధ్యాహ్నాలు వెళ్ళలేదు. అందుకే కారు ఇప్పటికీ అడుగుతూనే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు, చట్టంలో ఆ 'మాత్రమే' సంగతి చెప్పాను. కాసేపు ఆలోచించి, "నా ఒక్కదానికే అయితే నాకెందుకే కారు? వెనక సీట్లో అమ్మ లేకపోతే దారి ఎవరు చెప్తారు?" అంది. పెద్దమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి. ఆస్పత్రికి తీసుకెళ్ళేవాళ్ళు కావాలి. తీసుకెళ్తానంటున్నది అక్క.