దయ క్యాంపు, హక్కుల క్యాంపు: అమెరికా వికలాంగుల చరిత్రలో రెండు వేసవులు

మన ఊళ్ళలో వికలాంగుడి చెవిన 'క్యాంపు' అన్న మాట పడితే గుర్తొచ్చేది సదరం క్యాంపు. తెల్లారకముందే ఆటో కట్టించుకుని పెద్దాసుపత్రికి పోవడం, వరసలో కూచోవడం, డాక్టరు శాతం తేల్చేదాకా బిక్కుబిక్కుమంటూ ఉండడం. 40 శాతం వస్తే ఒక దారి, 39 వస్తే ఇంటిదారి. అమెరికాలో అదే మాటకు ఇంకో అర్థం ఉంది. వేసవిలో ఊరికి దూరంగా, చెట్ల మధ్య ఒక వారమో రెండు వారాలో గడిపి రావడం. అక్కడి క్రైస్తవ క్యాంపు వికలాంగులకు ఏమిచ్చింది, ఏది ఇవ్వలేకపోయింది అన్నది ఇక్కడ పరిశీలిస్తున్నాం. దళిత అధ్యయనాల్లో ఇదెందుకని అడిగేవాళ్ళు ఉంటారు. మాలపల్లెలో, మాదిగ గూడెంలో చర్చి ఉంది. చర్చిలో స్వస్థత కూటం ఉంది. ఆ కూటానికి మంచం మీద మోసుకొచ్చిన మనిషి ఉన్నాడు. అందుకు.

జోనీ ఎరిక్సన్ టాడా 1967లో, 17 ఏళ్ళ వయసులో, చెసాపీక్ అఖాతంలో ఈతకు దూకి మెడ విరగ్గొట్టుకున్నారు. కాళ్ళూ చేతులూ పడిపోయాయి. నోటితో కుంచె పట్టి బొమ్మలు వేయడం నేర్చుకున్నారు. 1979లో 'జోనీ అండ్ ఫ్రెండ్స్' అనే సంస్థ పెట్టారు. ఆ సంస్థ 1991 నుంచి కుటుంబాల కోసం వేసవి క్యాంపులు నడుపుతోంది. వికలాంగుడొక్కడే కాదు, ఇంటిల్లిపాదీ వస్తారు. ఈత, ఆటలు, పాటలు, బైబిలు పాఠం. వచ్చిన వికలాంగుడికి తోడుగా ఒక వలంటీరును కేటాయిస్తారు. తిండి పెట్టడం దగ్గర్నుంచి ఆటల దాకా అతనే చూసుకుంటాడు. ఏళ్ళ తరబడి రాత్రిళ్ళు లేచి బిడ్డను పక్కకు తిప్పే తల్లికి ఆ వారం రోజుల నిద్ర ఎంత విలువైందో మంచాన పడ్డ మనిషిని సాకిన ఏ ఇంటివాళ్ళనడిగినా చెబుతారు. దీన్ని ఎగతాళి చేసేవాళ్ళతో మేం ఏకీభవించం.

అయితే ఆ వలంటీర్లకు పెట్టిన పేరు చూడండి: 'స్వల్పకాలిక మిషనరీలు'. మిషనరీ ఎవరి దగ్గరికి వెళ్తాడో మనకు తెలుసు, మన తాతల దగ్గరికి వచ్చినవాళ్ళే కదా! ఇచ్చేవాడొకడు, పుచ్చుకునేవాడొకడు. వారం గడిచాక ఇచ్చేవాడు పుణ్యంతో ఇంటికి పోతాడు, పుచ్చుకునేవాడు మెట్లున్న ఊరికే తిరిగిపోతాడు. ఇది వ్యక్తుల మంచితనాన్ని శంకించడం కాదు. జోనీ స్వయంగా జాతీయ వికలాంగుల మండలిలో సభ్యురాలిగా పనిచేశారు. 1990 నాటి అమెరికా వికలాంగుల చట్టం తొలి ముసాయిదా తయారైంది ఆ మండలిలోనే.

ఆ చట్టంలోనే ఒక మెలిక ఉంది. హోటలుకు, సినిమా హాలుకు, ప్రైవేటు వేసవి క్యాంపుకు ర్యాంపు లేకపోతే ఎందుకు లేదని చట్టం అడుగుతుంది. చర్చిని, చర్చి అజమాయిషీలో నడిచే క్యాంపును మాత్రం అడగదు. మత సంస్థలకు ఆ అధ్యాయం నుంచి మినహాయింపు ఇచ్చారు. అంచేత చర్చి క్యాంపులో ర్యాంపు ఉంటే అది దయవల్లే ఉండాలి.

చర్చి గుమ్మం దగ్గర చట్టం ఆగిపోవడం మనకు వింతేమీ కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల కోసం సవరించారు, 1990లో బౌద్ధుల కోసం సవరించారు. క్రైస్తవుల కోసం సవరించలేదు. మన దగ్గర మతం మారిన మాల, మాదిగలకు మిగిలింది బీసీ-సీలో ఒక్క శాతం. అదే మనిషి వికలాంగుడు కూడా అయితే శాతాల లెక్క రెండుసార్లు చెప్పుకోవాలి.

ఇక రెండో వేసవి. న్యూయార్క్ రాష్ట్రంలోని క్యాట్‌స్కిల్ కొండల్లో 1951 నుంచి 1977 దాకా జెనెడ్ అనే క్యాంపు నడిచింది. ఇది చర్చిది కాదు. పోలియో వచ్చినవాళ్ళు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళు అక్కడ వేసవి గడిపేవాళ్ళు. 1970ల నాటికి రాత్రుళ్ళు కూచుని ఇంటి సంగతులు, బడి సంగతులు, తమను ఎవరెలా చూస్తున్నారో వాళ్ళే మాట్లాడుకునేవాళ్ళు. మన వాడల్లో అంబేద్కర్ యువజన సంఘాలు రాత్రిపూట అరుగుల మీద చేసిన పని లాంటిదే ఇది. చక్రాల కుర్చీ అగ్నిప్రమాదానికి కారణమవుతుందని చిన్నప్పుడు బడి చేర్చుకోని జూడిత్ హ్యూమన్ ఈ క్యాంపు మనిషే.

1973 పునరావాస చట్టంలోని 504వ సెక్షన్‌కు ప్రభుత్వం నాలుగేళ్ళు నిబంధనలు రాయకుండా నాన్చింది. 1977 ఏప్రిల్ 5న హ్యూమన్, వంద మందికి పైగా వికలాంగులు, వాళ్ళ మద్దతుదారులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ ఆఫీసులో బైఠాయించారు. దాదాపు నాలుగు వారాలు కదల్లేదు. ఏప్రిల్ 28న మంత్రి కాలిఫానో సంతకం పెట్టాడు.

అన్ని రోజులు వాళ్ళకు కూడు పెట్టిందెవరు? ముఖ్యంగా బ్లాక్ పాంథర్లు. ఓక్లాండ్ నుంచి రోజూ వేడి అన్నం మోసుకొచ్చారు. వాళ్ళకు వండిపెట్టడం కొత్త కాదు. 1969లో నల్లపిల్లలకు ఉచిత టిఫిను పథకం మొదలుపెట్టింది ఓక్లాండ్‌లోని సెయింట్ అగస్టీన్ చర్చిలోనే. శాన్‌ఫ్రాన్సిస్కోలోని గ్లైడ్ మెథడిస్టు చర్చి కూడా బైఠాయింపుకు అండగా నిలిచింది. కాబట్టి చర్చి ఒకటే రకం అనుకుంటే పొరపాటు. ఒకే గొడుగు కింద దయా ఉంది, పోరాటానికి వంటశాలా ఉంది. మన పల్లె చర్చిల చరిత్ర రాసేవాళ్ళు ఈ రెంటినీ విడదీసి చూడాలని మా అభిప్రాయం.

1972లో బొంబాయిలో దళిత పాంథర్లు పేరు తెచ్చుకున్నది ఈ పాంథర్ల నుంచే. కానీ ఓక్లాండ్ చరిత్రలో వికలాంగుల అధ్యాయం మన దాకా రాలేదు. వచ్చిందల్లా తుపాకీ, నల్ల బేరెట్ టోపీ. ఇక్కడ మాత్రం ఆ పని వేరే దారిలో జరిగింది. 1994లో ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా నుంచే, మంద కృష్ణ నాయకత్వంలో 2007లో వికలాంగుల హక్కుల పోరాట సమితి వచ్చింది. పింఛను పెంచమని రోడ్డెక్కింది. కులపోరాటం చేసినవాళ్ళు వికలాంగుల పోరాటాన్ని ఎందుకు తలకెత్తుకున్నారో వివరించే పుస్తకం రావాల్సే ఉంది.

బైఠాయింపుకు పాంథర్లను రప్పించిన బ్రాడ్ లోమాక్స్ తానూ పాంథరే, చక్రాల కుర్చీలో ఉన్నవాడే. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు. మంత్రిని నిలదీయడానికి వాషింగ్టన్ వెళ్ళిన బృందంలో ఉన్నాడు. 1984లో, 33 ఏళ్ళకే చనిపోయాడు. 1990 చట్టం చూడలేదు.